గేటుకు ఆనించిన రాయి

"బన్నీ! డోర్!"

వర్షిత అరుపుకు పక్క కారులోని కుక్క కూడా తల తిప్పి చూసింది. బన్నీ మాత్రం చూడలేదు. కారు తలుపు బార్లా తెరిచి వదిలేసి, వానకా సరస్సు వైపు ఎప్పుడో పరిగెత్తేశాడు.

వర్షిత నిట్టూర్చి, వెనక్కి వెళ్లి తలుపు వేసింది.

ఆరేళ్ల తమ్ముడికి తెరవడం వచ్చు, మూయడం రాదు. క్రైస్ట్‌చర్చ్‌లో ఇంట్లోనూ అంతే, సెలవులకని ఇంత దూరం వచ్చినా అంతే. రాత్రి కేబిన్‌లో నీళ్లు తాగి ఫ్రిజ్ తెరిచి వదిలేశాడు. పొద్దునకి పాలు విరిగిపోయాయి. మధ్యాహ్నం ఒడ్డున భోజనాలకు కూర్చుంటే చల్లగా ఉంచే చిల్లీ బిన్ పెట్టె మూత తెరిచి వదిలేశాడు. బాతులు వచ్చి పులిహోరలో తలలు పెట్టాయి.

"నువ్వే కాస్త కనిపెట్టుకుని ఉండవే వాణ్ణి. నా వల్ల కావట్లేదు," అంది అమ్మ.

అప్పట్నుంచి వర్షిత తలుపుల పోలీసు అయిపోయింది.

బన్నీ ఒక్కడైతే సరే. కాకినాడ నుంచి వచ్చిన తాతయ్య ఇంకో రకం. దారిలో ఆయన చదవని బోర్డు లేదు. పార్కింగ్ బోర్డు, బాతుల బోర్డు, అన్నీ పైకి చదువుతాడు.

"తాతయ్యా, అది టాయిలెట్ బోర్డు!"

"అయితే ఏమయిందమ్మలూ? పాపం, ఎవరో శ్రద్ధగా రాసిపెట్టారు కదా."

వర్షిత తల పట్టుకుంది.

మూడింటికి సరస్సులో బోటు షికారు ఉంది. పిల్లల చేత హారన్ కొట్టిస్తారని టికెట్ల దగ్గర అమ్మాయి చెప్పింది. ఆ మాట విన్నప్పట్నుంచీ బన్నీ "బోఁ... బోఁ..." అని ప్రాక్టీసు చేస్తూనే ఉన్నాడు.

"ఇంకా టైముంది. వ్యూపాయింట్ దాకా నడిచొద్దాం," అన్నాడు నాన్న.

ఆ నడకదారి ఒక గొర్రెల ఫామ్ మధ్యలోంచి పోతుంది. నీళ్ల పక్కన గొర్రెపిల్లలు ఒకదాన్నొకటి తరుముకుంటున్నాయి. వాటి తల్లులు ఎదురుగా ఉన్న ఎత్తు మీద గడ్డి మేస్తున్నాయి. బన్నీ గొర్రెపిల్లల కంటే ఎక్కువ గెంతుతూ అందరికంటే ముందు వెళ్లిపోయాడు. అమ్మా నాన్నా టైము గురించి వాదించుకుంటూ వాడి వెనకే వెళ్లారు. తాతయ్య కంచె దగ్గర ఒక బోర్డు ముందు ఆగిపోయాడు.

"తాతయ్యా, ప్లీజ్! వచ్చేటప్పుడు చదువుకో!"

"వస్తున్నా. రెండు లైన్లే..."

వర్షిత ఆయన చెయ్యి పట్టుకుని లాక్కెళ్లింది.

మలుపు తిరిగేసరికి ఇనప గేటు కనిపించింది. బార్లా తెరిచి ఉంది. దానికి అవతల దూరంగా బన్నీ టోపీ కనిపిస్తోంది.

"మళ్లీనా!"

తాతయ్యను ముందుకు పంపి వర్షిత గేటు లాగింది. అది కదల్లేదు. అడుగున గుమ్మడికాయంత రాయి ఆనించి ఉంది. రెండు చేతులతో తోసింది, కాలితో తన్నింది. బొటనవేలు చురుక్కుమంది. ఎలాగో దాన్ని పక్కకు దొర్లించి, గేటు మూసి, గొలుసు కొక్కేనికి తగిలించింది. వేలు నొప్పితో కోపం రెట్టింపయింది.

"అమ్మా, ఇక్కడ కూడా గేటు తెరిచి వదిలేశాడు. నేను వేసొచ్చా."

"నేను తియ్యలేదు. అది తెరిచే ఉంది," అన్నాడు బన్నీ.

"గేట్లు వాటంతటవే తెరుచుకుంటాయా?"

"తియ్యలేదంటే తియ్యలేదక్కా!"

అమ్మ ఓపిక పొద్దున పాలతోపాటే విరిగిపోయి ఉంది. "తెరిస్తే తెరిచావు, అబద్ధం కూడానా? ఇవాళ బోటు లేదు నీకు. వాళ్లు వెళ్తారు. నువ్వు నాతో ఒడ్డున కూర్చుంటావు."

"బోఁ" ఆగిపోయింది.

వ్యూపాయింట్ నుంచి చూస్తే సరస్సు ఎంత నీలంగా ఉందంటే, ఎవరో ఇప్పుడే రంగు కలిపినట్టుంది. మంచు కొండలు నీళ్లలో తలకిందులుగా నిలబడ్డాయి. నాన్న ఫొటో తీస్తానంటే బన్నీ తల ఎత్తలేదు. తాతయ్య జేబులోంచి చేగోడీ తీసి ఇచ్చాడు. వాడు తినకుండా గుప్పిట్లో పెట్టుకున్నాడు.

"నేను తియ్యలేదు తాతయ్యా."

"ఊఁ," అన్నాడు తాతయ్య. వాడి పక్కన గడ్డిలో కూర్చున్నాడు.

వర్షితకు మొదట బాగానే అనిపించింది. వాడికి ఎవరో ఒకరు గట్టిగా చెప్పాలి కదా! కానీ తిరిగొస్తుంటే దారంతా బోసిగా ఉంది. "బోఁ" లేదు, గెంతులు లేవు. అలా బోసిగా ఉన్నందుకు కూడా వాడి మీదే చిరాకు వేసింది.

గేటు ఇంకా కనిపించక ముందే అరుపులు వినిపించాయి. తల్లి గొర్రెలన్నీ వచ్చి గేటు మీద పడి అరుస్తున్నాయి. అవతలి వైపు గొర్రెపిల్లలు సన్నగా ఏడుస్తున్నాయి. ఒక పిల్ల కమ్మీల మధ్య తల ఇరికించుకుని గింజుకుంటోంది. గమ్‌బూట్లు వేసుకున్న ఒక ముసలావిడ మోకాళ్ల మీద కూర్చుని దాని చెవులు మెల్లగా మడిచి తల బయటకు తీస్తోంది.

వర్షిత చూపు రాయి మీద పడింది. అది తను వదిలిన చోటే ఉంది. గేటు పక్కన నేల మీద దాని అచ్చు గుంటలా ఉంది.

ఈ రాయిని బన్నీ ఎలా దొర్లించగలడు? పాల డబ్బా ఎత్తాలన్నా "అక్కా, పట్టుకో" అంటాడే!



గొర్రెపిల్ల తల బయటికొచ్చింది. ఆవిడ లేచి, విసుగ్గా నడుం పట్టుకుని అడిగింది. "ఈ గేటు ఎవరు మూశారు?"

"సారీ అండీ," అంది అమ్మ గబగబా. "మా వాడు తెరిచి వదిలేస్తే మా అమ్మాయి మూసింది. వీడెప్పుడూ ఇంతే."

అందరూ బన్నీ వైపు చూశారు. ఈసారి వాడు 'తియ్యలేదు' అనలేదు. చేగోడీ పట్టుకున్న గుప్పిటి వైపు చూసుకుంటూ నిలబడ్డాడు.

అది చూసి వర్షిత ఒక అడుగు ముందుకు వేసింది. తను ఊరుకుంటే ఎవరికీ తెలియదు. ఊరుకుంటే వాడికి బోటు లేదు.

"కాదు. బన్నీ తెరవలేదు," అంది. "గేటుకు రాయి పెట్టి ఉంది. నేనే తీసేశాను. అంత రాయి వాడు కదపలేడు. నేను చూశాను కానీ ఆలోచించలేదు. వాడు చెప్పింది నిజమే అమ్మా."

అమ్మ రాయి వైపు చూసింది. తర్వాత బన్నీ వైపు చూసింది.

"ఆ రాయి పెట్టింది నేనే," అంది గమ్‌బూట్ల ఆవిడ. "తల్లులు ముందు పైకి వెళ్తాయి. పిల్లలు ఆడుకుని ఆడుకుని ఆకలేసినప్పుడు వెనకే వెళ్తాయి. తెరిచి పోయేవాళ్లతో ఒక తంటా అయితే, మూసి పోయే మంచివాళ్లతో రెండు తంటాలు నాకు!" తిట్టినట్టే అంది కానీ కళ్లు తిట్టలేదు. "సరే, ఇక్కడికొచ్చి సాయం పట్టండి. మాట మాత్రం వినపడకూడదు."

గేటు తెరిచారు. కానీ ఇంతమందిని చూసి బెదిరిన గొర్రెపిల్లలు నీళ్ల వైపు పారిపోయాయి. అందరూ వాటి వెనక్కి వెళ్లి, చేతులు చాపి, గోడలా వరసగా నిలబడి, అడుగులో అడుగు వేస్తూ ముందుకు కదిలారు. ఒక పిల్ల అటు దూకితే ఇంకోటి ఇటు దూకింది. మళ్లీ మొదటికొచ్చింది. "ఏయ్!" అని అరవాలని వర్షితకు నోటిదాకా వచ్చింది. పెదవులు గట్టిగా బిగించింది.

అప్పుడే సరస్సు మీద హారన్ మోగింది. "బోఁ..."

మూడింటి బోటు. తెల్లగా, తీరిగ్గా, వాళ్లు లేకుండా వెళ్లిపోతోంది. బన్నీ చేతులు చాపుకుని నిలబడే తల తిప్పి చూశాడు. ఏడవలేదు. మళ్లీ గొర్రెపిల్లల వైపు తిరిగాడు. వాడు ఏడిచి ఉంటేనే బాగుండేదనిపించింది వర్షితకు.

చివరి పిల్ల గేటు దాటింది. అరుపుల గొడవలోనే తల్లిని వెతుక్కుని, పొట్ట కింద దూరి, తోక టపటపా ఊపుతూ పాలు తాగింది. ఉన్నట్టుండి ఆ చోటంతా నెమ్మదించింది.

తాతయ్య మెల్లగా కంచె దగ్గరి బోర్డు ముందుకు వెళ్లాడు. "గేటు ఎలా ఉంటే అలాగే వదిలి వెళ్లండి," అని చదివాడు. "నేను ఇందాక రెండో లైనుకు వచ్చేసరికి..." అని వర్షిత ముఖం చూసి, "అక్షరాలు బాగా రాశారు," అని ముగించాడు.

అమ్మ బన్నీ ముందు కూర్చుంది. "నేనూ అడక్కుండానే అరిచాను నాన్నా. రేపు పొద్దున బయల్దేరే ముందు బోటు ఎక్కుదాం. హారన్ నువ్వే కొట్టు."

"నాలుగుసార్లు," అన్నాడు బన్నీ.

వర్షిత రాయి దగ్గరకు వెళ్లి వంగింది. బన్నీ కూడా వచ్చి చేతులు వేశాడు.

"సారీ, బన్నీ."

"చాలా బరువుంది కదక్కా?"

"చాలా."

"నేను ఎత్తలేను కదా?"

"ఎత్తలేవు."

"పెద్దయ్యాక ఎత్తుతా," అన్నాడు వాడు. ఇద్దరూ కలిసి దాన్ని గుంటలోకి దొర్లించారు. వాడి చేగోడీ ముక్కలైపోయింది. సగం అక్కకిచ్చాడు.

సాయంత్రం ఐస్‌క్రీమ్ కోసం సందు మొదట్లో, ఇక్కడివాళ్లు డైరీ అనే చిల్లర కొట్టుకు వెళ్లారు. ఆ కొట్లో చాక్లెట్ల నుంచి చేపల ఎర దాకా అన్నీ ఉన్నాయి. బన్నీ అందరికంటే ముందు దూరాడు. వాడి వెనకాల తలుపు తెరిచే ఉంది. సరస్సు మీది చల్లగాలి రయ్యిన లోపలికి కొట్టేసరికి కౌంటర్ మీది కాగితాలు ఎగిరాయి.

"బన్నీ! డో..."

వర్షిత ఆగింది. కిందికి చూసింది.

తలుపు మూసుకోకుండా బన్నీ చెప్పు అడ్డం పెట్టి ఉంది. వాడు ఒంటి చెప్పుతో ఐస్‌క్రీముల దగ్గర నిలబడ్డాడు. బయట తాతయ్య ఐస్‌క్రీమ్ బోర్డు చదువుకుంటున్నాడు. ఇంకా మొదటి లైనులోనే ఉన్నాడు.

వర్షిత చెప్పు తీసి తమ్ముడి వైపు జార్చింది. తలుపును భుజంతో ఆపి నిలబడింది.

"తాతయ్యా, రెండో లైనులో ఏముంది?" అని అడిగింది.