మూడు స్లైడ్లు, ఒక మచ్చ

“మళ్ళీ అదే మచ్చ!”

బడి సైన్స్ గదిలో మిరపకాయ మైక్రోస్కోపు మీంచి తల ఎత్తింది. ముక్కుపుటాలు అదురుతున్నాయి. ఆ పిల్లకి అసలు పేరు వేరే ఉంది లెండి. కానీ కోపం ఎప్పుడూ ముక్కు మీదే ఉంటుందని ఇంట్లోనూ బడిలోనూ అందరూ అలాగే పిలుస్తారు.

పక్కన దానికి జతగా నిలబడ్డ పిల్ల నిదానం. ఇదీ పెట్టిన పేరే. అది చెప్పులు వేసుకునేలోపు మిగతా పిల్లలు వీధి మలుపు తిరిగిపోతారు మరి!

“ఉల్లిపొర ఒలవడం కూడా రాదా నీకు? ఇంత మురికి ఎక్కడ అంటించావే?” అంది మిరపకాయ.

నిదానం వంగి చూసింది. నిజమే, మధ్యలో గోధుమరంగు మచ్చ. మసకమసగ్గా, చూపుకి అడ్డంగా ఉంది. స్లైడు బయటికి తీసి కిటికీ వెలుగులో పెట్టి చూసింది.

“ఇందులో ఏమీ లేదే. అద్దంలా ఉంది.”

“అంటే నా కళ్ళు పోయాయంటావా?”

మిరపకాయ ఆ స్లైడు లాక్కుని చెత్తబుట్టలో పడేసింది. మొదటి స్లైడు అప్పటికే ఆ బుట్టలో పడి ఉంది.

దాని కోపానికి కారణం లేకపోలేదు. ఆ మధ్యాహ్నం పిల్లల పనులు చూడ్డానికి తల్లిదండ్రులు వస్తారు. స్లైడు తేటగా ఉన్న జంటల మైక్రోస్కోపులే బల్ల మీద ఉంటాయి. మిగతావి పెట్టెలోకి పోతాయి. మిరపకాయ వాళ్ళమ్మ బట్టలు కుట్టే కార్ఖానాలో పనిచేస్తుంది. బడిలో ఏ పండగ చేసినా ఆమెకు సెలవు దొరకదు. ఈసారి మాత్రం మేస్త్రీని పదిసార్లు బతిమాలి ఒక్క గంట అడిగి తెచ్చుకుంది. ఆ గంటలో అమ్మకి చూపించేది ఈ మచ్చా?

“ఇంకోటి చెయ్యి. తొందరగా!”

నిదానం ఉల్లిపాయ రెబ్బ విరిచి, లోపలి పొర అంచుని పట్టకారుతో పట్టుకుంది. కన్నార్పకుండా లాగింది. సీతాకోకచిలుక రెక్కంత పల్చటి పొర వచ్చింది. దాన్ని నీటిచుక్కలో ముడతపడకుండా పరిచింది. పొరకి రంగు పట్టించే అయోడిన్ చుక్క వేసే పని మొదటినుంచీ మిరపకాయదే. టప్పున వేసి పక్కకి జరిగింది. నిదానం పైన పెట్టే సన్నటి గాజుపలకని సూదికి ఆనించి, గాలిబుడగ ఒక్కటి కూడా చొరబడకుండా మెల్లమెల్లగా వాల్చింది.

“ఇంకా ఎంతసేపే? ఈలోపు ఉల్లిపాయ మొలకెత్తుతుంది!”

వెనక బల్ల దగ్గర అబ్బాయిలు కిసుక్కున నవ్వారు. నిదానం చెవులు ఎర్రబడ్డాయి.

మూడో స్లైడు పెట్టారు. మిరపకాయ చూసింది.

అదే మచ్చ. అక్కడే.

“నీతో నన్ను జత కలిపిన వాళ్ళననాలి!” గది గదంతా తిరిగి చూసేలా అరిచింది. “చేతకాకపోతే చేతకాదని చెప్పు! మా అమ్మ వచ్చి నీ మురికి చూడాలా?”

నిదానం పట్టకారు బల్ల మీద పడేసింది. ఖణేలుమంది. ఎన్నడూ గొంతు పెంచని పిల్ల ఒక్కసారి భగ్గుమంది.

“నేను చెయ్యను! ఇందాకటినుంచీ తిడుతూనే ఉన్నావు. మాటకి మాట అనలేనని కదా? నీకు వచ్చినట్టు నువ్వే చేసుకో! ఇంకెప్పుడూ నాతో మాట్లాడకు!”

“ఏమిటా కేకలు?” సైన్స్ టీచరు చరచరా వచ్చారు. చెత్తబుట్టలోకి చూశారు. ఆవిడా మొహం గంటు పెట్టుకున్నారు. “గాజు స్లైడ్లు చెత్తలో వేసిందెవరు? రేపు బుట్ట ఎత్తే మనిషి చెయ్యి తెగితే?”

“అవి పాడైపోయాయి టీచర్. ఇదే పాడు చేసింది. అన్నిట్లోనూ మచ్చే.”

“అన్నిట్లోనూనా? ఒకేచోటా?”

“ఒకేచోట.”

టీచరు మైక్రోస్కోపు దగ్గరికి జరిగారు. “స్లైడు కొంచెం జరుపు. మచ్చ జరిగిందా?”

మిరపకాయ జరిపింది. ఉల్లిపొర పక్కకి పోయింది. మచ్చ కదల్లేదు.

“లేదు టీచర్.”

“ఇప్పుడు నువ్వు కన్ను పెట్టి చూసే ఐపీస్ ఉందే, దాన్ని గుండ్రంగా తిప్పు.”

తిప్పింది. మచ్చ కూడా గుండ్రంగా తిరిగింది.

టీచరు ఐపీస్ బయటికి తీసి వెలుగులో పట్టారు. అద్దం మీద గోధుమరంగు వేలిముద్ర! గీతలతో సహా.

మిరపకాయకి అప్పుడు గుర్తొచ్చింది. పొద్దున మొదటి స్లైడు మీద అయోడిన్ వేశాక, దుమ్ముందేమోనని బొటనవేలితో ఆ అద్దాన్ని గట్టిగా రుద్దింది తనే. చెయ్యి చటుక్కున వెనక్కి దాచుకుంది. కానీ ఆ వేలు ఇంకా గోధుమరంగులోనే ఉందని నిదానం అప్పటికే చూసేసింది.

టీచరు మెత్తటి కాగితంతో అద్దం తుడిచి బిగించారు. “ఆ రెండు స్లైడ్లూ పట్టకారుతో జాగ్రత్తగా తియ్యి. తీసి చూడు,” అని మాత్రం అని వెళ్ళిపోయారు.

మిరపకాయ తీసింది. ఒక్కొక్కటీ పెట్టి చూసింది. మొదటిది తేటగా ఉంది. రెండోదీ అంతే. మూడోది ఇంకా బాగుంది.

ముందు ఆ అద్దం మీద కోపమొచ్చింది. తర్వాత అయోడిన్ మీద. తర్వాత కోపం తెచ్చుకోవడానికి ఇంకెవరూ మిగల్లేదు.

“మచ్చ నాదే,” అని గొణిగింది.

“వినపడలేదు,” అంది నిదానం, అటు తిరిగే.

“మచ్చ నాది!” ఈసారి వెనక బల్లకి కూడా వినపడింది. “నా వేలిదే. నీ స్లైడ్లు మూడూ బాగున్నాయి. ఊరికే తిట్టాను.”

“నాకింకా కోపంగానే ఉంది.”

“ఊఁ,” అంది మిరపకాయ.

నిదానం వెళ్ళి కిటికీ దగ్గర నిలబడింది.

మధ్యాహ్నం అమ్మ వచ్చింది. చీరకొంగుకి దారప్పోగులు అంటుకునే ఉన్నాయి. ఆయాసపడుతూనే మైక్రోస్కోపు మీదికి వంగింది.

“ఏమిటే ఇది? పొగ కమ్మినట్టుంది. ఏమీ కనపడ్డంలేదు!”

‘సరిగ్గా చూడమ్మా!’ నాలుక చివరిదాకా వచ్చింది మాట. మిరపకాయ దాన్ని మింగింది. చెయ్యి మైక్రోస్కోపు పక్కనున్న మర మీద పెట్టింది.

“నా కంటికి సరిపెట్టింది నీ కంటికి సరిపోదేమోనమ్మా. మెల్లగా తిప్పుతాను. తేటపడగానే చెప్పు.”

“ఊఁ… ఊఁ… ఆగాగు! ఓలమ్మో! గోడకి ఇటుకలు పేర్చినట్టు ఉన్నాయే! ఒక్కోదాంట్లో ఒక చుక్క!”

“అవే కణాలు. ఆ చుక్క కేంద్రకం.”

“ఇంత పల్చటి పొర చిరక్కుండా ఎలా ఒలిచావే? నీకంత ఓపికెక్కడిది తల్లీ?”

“నేను ఒలవలేదమ్మా. ఒలిచినవాళ్ళని అడిగి వస్తానుండు.”

మిరపకాయ కిటికీ దగ్గరికి వెళ్ళింది. చెయ్యి పట్టి లాగలేదు.

“ఎలా ఒలిచావని మా అమ్మ అడుగుతోంది. నాకు తెలీదు. నీకిష్టమైతే వచ్చి చెప్పు.”

నిదానం వెంటనే కదల్లేదు. జడ ముందుకి వేసుకుంది. కొసలు సర్దుకుంది. మళ్ళీ వెనక్కి వేసుకుంది. అక్కడ అమ్మ గంట కరిగిపోతోంది.

మిరపకాయ ఈసారి ‘తొందరగా’ అనలేదు. నిదానం అడుగు వేసేదాకా అలాగే నిలబడింది.