నిపుణుడుగారు సెలవులో ఉన్నారు

“ఇది రాసిన మహానుభావుడు ఎవరండీ?”

తలెత్తి చూశాను. ఒక అమ్మాయి. బయట వాన. ఆమె జడ కొసనుంచి నీళ్లు మా ఆఫీసు గచ్చు మీద టపటపా రాలుతున్నాయి. చంకలో ప్లాస్టిక్ కవరు చుట్టిన అట్టపెట్టె. తను నిలువునా తడిసింది గానీ పెట్టెను మాత్రం తడవనివ్వలేదు. రెండో చేతిలో ఫోను. అందులో మా వెబ్‌సైటు, ‘మీ ఇంటికి ఏ రూటర్ కొనాలి?’ అన్న వ్యాసం. దాని కింద ‘మా హోమ్ నెట్‌వర్క్ నిపుణుడు, పన్నెండేళ్ల అనుభవం’.

ఆ మహానుభావుణ్ని నేనే.

ఆ అమ్మాయికీ నాకూ పెళ్లయి ఇవాళ్టికి పంతొమ్మిది రోజులైంది. గుమ్మం పక్కన రెండు జతల చెప్పులు కనిపిస్తే చాలు, నాలో నేనే నవ్వుకుంటున్నాను. అలాంటివాడు తన ప్రేమకథ హాయిగా చెప్పుకోవాలి కదా! నాకేమో మొదటి వాక్యం దగ్గరే చెవులు కాలిపోతున్నాయి. మా ఆవిడ వెనకాల నిలబడి, “ఒక్క ముక్క దాచావో, చూడు!” అంటోంది. దాచను.

అప్పట్లో ఆ వెబ్‌సైటులో ‘ఏది కొనాలి’ శీర్షిక నాది. మిక్సీలు, పరుపులు, ఇస్త్రీపెట్టెలు, వారానికి రెండు వ్యాసాలు. వాటిలో ఒక్కదాన్నీ ముట్టుకున్న పాపాన పోలేదు. పెట్టె మీద కంపెనీవాళ్లు రాసుకున్నది చదివి, దానికి నాలుగు చిలవలు పలవలు చేర్చేవాణ్ని. రూటర్ సంగతి మరీ అన్యాయం. నా అద్దె గదిలో అసలు రూటరే లేదు. ఫోనుతోనే కాలక్షేపం. అయినా ‘గోడలెన్నున్నా బెంగ లేదు, ఆరు యాంటెన్నాల ఈ రూటర్ ఇల్లంతా అల్లుకుపోతుంది’ అని రాసేశాను. ‘అల్లుకుపోతుంది’ అన్న మాట భలే కుదిరిందని ఆ రోజు నాకు నేనే టీ ఇప్పించుకున్నాను కూడా.

“మిమ్మల్నేనండీ. ఎవరు?”

“ఆయన సెలవులో ఉన్నారండీ.” నోరు నన్నడక్కుండానే అనేసింది. “నేను ఆయన అసిస్టెంటుని.”

పక్క బల్ల దగ్గర మా ఎడిటర్ కీబోర్డు మీదికి వంగిపోయాడు. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి.

“అయితే మీ సార్‌తో చెప్పండి. అల్లుకుపోవడం సంగతి దేవుడెరుగు, నా గది గడపైనా దాటడం లేదని.”

“ఆపేసి మళ్లీ ఆన్ చేశారా?”

“నలభైసార్లు చేశాను. నలభై ఒకటోది మీ సార్ వచ్చి చేస్తారేమోనని మోసుకొచ్చాను.”

నవ్వబోయాను. ఆమె ముఖం చూసి ఆగిపోయాను.

ఆమె స్పీచ్ థెరపిస్టు. పక్షవాతంతో మాట పడిపోయినవాళ్లకి ఇంటినుంచే వీడియో కాల్‌లో మళ్లీ మాటలు నేర్పుతుంది. ఒక టైలరుగారికి తొమ్మిది వారాలుగా ‘నీళ్లు’ అనే ఒక్క మాట నేర్పుతోందట. మొన్న ఆయన పెదవులు కదిలాయి. సరిగ్గా అప్పుడే తెర ఆగిపోయింది.

“మళ్లీ కదిలేసరికి వాళ్లావిడ ఏడుస్తున్నారు. ‘అన్నారమ్మా, అన్నారు!’ అని. ఆయనేమో నా వంకే చూస్తున్నారు, నేనేమంటానో అని.”

“మీరేమన్నారు?”

“విన్నానని అబద్ధం చెప్పాను.” ఆమె గొంతు తగ్గింది. “మా పనిలో అది తప్పండీ. చాలా పెద్ద తప్పు.”

ఆ అబద్ధం ఆమెతో చెప్పించింది ఎవరో నాకు తెలుసు. అప్పుడే చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. “రేపు నేనొచ్చి చూస్తానండీ. సార్ చెప్పినట్టు చేద్దాం,” అన్నాను.

వాళ్లింట్లో ఆమె, నాన్నగారు, అంతే. ఆయన బస్సు డ్రైవరుగా చేసి రిటైరయ్యారు. ఇంజను మోత పక్కన ముప్ఫయ్యేళ్లు కూర్చోవడంతో చెవి తక్కువ. హాల్లో టీవీ పెడితే వీధి చివర ఇంటివాళ్లు కూడా వార్తలు వినొచ్చు. అందుకే ఈ ఇంటికి మారగానే ఆమె వెనకగదిని తన పనికి తీసుకుంది. తలుపేస్తే బయటి చప్పుడు చీమంతైనా వినిపించదు. సిగ్నలూ అంతే, చీమంతైనా రాదు.

పరీక్షించడానికి ఆమె వెనకగదిలో, నేను హాల్లో కూర్చుని వీడియో కాల్ చేసుకున్నాం.

“వినపడుతోందా, అసిస్టెంటుగారూ?”

“పడుతోందండీ. తలుపు మెల్లగా వేయండి.”

తలుపు వేస్తూ ఏదో తలుచుకుని నవ్వింది. ఆ నవ్వు సగంలో ఆగిపోయింది. తక్కిన సగం రావడానికి పదకొండు సెకన్లు పట్టింది. న్యాయంగా నేను రూటర్‌ని తిట్టుకోవాలి. తెర మీద నిలిచిపోయిన ఆ సగం నవ్వు చూస్తూ తిట్టలేకపోయాను.

“మీ సార్‌ని అడగండి,” అంది బయటికొచ్చి.

ఫోను చెవిన పెట్టుకుని బాల్కనీలోకి వెళ్లాను. “అవును సార్... అలాగే సార్... పైన పెట్టి చూస్తాను సార్.” అవతల ఎవరూ లేరు. వాన మాత్రం వింటోంది.

“మీ సార్ ఎంత నెమ్మదస్తుడు బాబూ! ఒక్క ముక్క వినపడలేదు,” అన్నారు నాన్నగారు.

“నీకు ఎవరి మాట వినపడింది గనక, నాన్నా!” అంది ఆమె.

లేని సారు చెప్పిన ప్రకారం యాంటెన్నాలు నిలబెట్టాను, పడుకోబెట్టాను, రూటర్‌ని అటక మీదికెక్కించాను. రెండోసారి వచ్చి కిటికీలో పెట్టాను. ఆమె స్టూలు పట్టుకుంటూ, టీ అందిస్తూ, “మీ సార్ కన్నా మీరే నయం. పాపం, కష్టపడుతున్నారు,” అనేది. ఆ ‘పాపం’ వినడానికే మూడోసారి కూడా వచ్చానని ఒప్పుకుంటున్నాను. ఆ మాట విన్న ప్రతిసారీ టీ పక్కన పెట్టి మళ్లీ స్టూలెక్కేవాణ్ని.

ఆ మూడోసారి, ఇంకేం చెయ్యాలో తోచక వెనకగది గోడను పిడికిలితో కొట్టాను. ఇటుక చప్పుడు కాదది. దుప్పటి చుట్టిన ఇనుప బిందెను కొట్టినట్టుంది.

“ఈ గదిలో ఇదివరకు ఏముండేదండీ?” నాన్నగారి చెవి దగ్గర అరిచాను.

“ఎక్స్‌రే మిషను! మాకన్నా ముందు ఇక్కడ ఒక డాక్టరు ఉండేవాడు. గోడల్లో, తలుపులో అంతా సీసం రేకులే.”

“నాన్నా! ముందే చెప్పొచ్చుగా?” ఆమె అదిరిపడింది.

“ఎవరైనా అడిగారా?”

నిజమే. నా వ్యాసంలో పద్దెనిమిది వందల మాటలున్నాయి. ‘మీ గోడలు దేంతో కట్టారు?’ అన్న ప్రశ్న మాత్రం లేదు. ఎక్స్‌రేలను ఆపడానికి కట్టిన గోడ ముందు ఆరు యాంటెన్నాలుంటేనేం, అరవై ఉంటేనేం?

కావాల్సింది కొత్త రూటర్ కాదు, ఒక వైరు. మిషను కరెంటు వైరు కోసం ఆ డాక్టరు చేయించిన కంత ఒకటి మూల దొరికింది. నాన్నగారు అటునుంచి తోశారు, నేను ఇటునుంచి లాగాను. ఆమె కంప్యూటరుకి వైరు తగిలించేసరికి టైలరుగారి క్లాసుకి రెండు నిమిషాలుంది.

“మీరూ ఉండండి. కెమెరాకి కనపడకుండా ఆ మూల కూర్చోండి,” అంది. తలుపేసింది.

తెర మీద టైలరుగారు. పెదవులు బిగించారు, వదిలారు. “నీ...” అన్నారు. ఆగారు. ఈసారి ఆగింది ఆయనే, తెర కాదు. “నీళ్లు.”

ఆమె పక్కనున్న గ్లాసు ఎత్తి చూపించి గటగటా తాగేసింది. మూతి తుడుచుకుని, నెమ్మదిగా, ఒక్కొక్క మాటా తుంచి చెప్పింది. “ఆ రోజు నాకు వినపడలేదండీ. విన్నానని అబద్ధం చెప్పాను. తప్పు నాది. ఇవాళ విన్నాను.”

ఆయన నవ్వారు. మూలన కూర్చున్న నాకు మాత్రం భూమి చీలి లోపలికి తీసుకుంటే బావుండుననిపించింది. నావల్ల ఆడిన అబద్ధాన్ని ఆమె నా కళ్లముందే కడిగేసుకుంది. నాది నా దగ్గరే ఉంది.

క్లాసు అయ్యాక చేతులు దులుపుకుంటూ అంది, “మీ సార్‌ని తీసేసి మిమ్మల్ని పెట్టమని మీ ఆఫీసుకి ఉత్తరం రాస్తాను.”

“వద్దండీ.”

“ఏం, భయమా?”

“సార్ లేరండీ.”

“అయ్యో! పోయారా?”

“పోలేదు. అసలు పుట్టనేలేదు. ఆ వ్యాసం రాసింది నేనే.”

ఆమె వేలితో బయటికి చూపించింది.

“మరి బాల్కనీలో ఫోను?”

“అవతల ఎవరూ లేరు.”

“అలాగే సార్, అలాగే సార్ అన్నారుగా?”

“నాకు నేనే చెప్పుకున్నాను.”

నవ్వుతుందేమోనని చిన్న ఆశ. నవ్వలేదు. “మీకు రూటర్లు తెలీకపోతే నాకేం నష్టం లేదు. టైలరుగారి సంగతి మొదటిరోజే చెప్పాను. అది విని కూడా అసిస్టెంటు వేషం తియ్యలేదు చూడండి...” తలుపు తీసింది. “వెళ్లండి.”

ఆఫీసుకెళ్లి వ్యాసం పైన నా పేరుతో రెండు వాక్యాలు పెట్టాను: ‘ఇది రాసేనాటికి నేను ఏ రూటర్‌నీ ముట్టుకోలేదు. మీ గోడలేమిటో చూసుకోకుండా ఏదీ కొనకండి.’

“పిచ్చా నీకు? ఇది చూశాక మన పరుపుల వ్యాసం ఎవడు నమ్ముతాడు?” అన్నాడు ఎడిటర్.

“నమ్మకపోతేనే వాళ్ల నడుములకి మంచిది సార్.”

నాలుగో రోజున నన్ను ఇంటికి పంపించేశాడు. ఇళ్లకి నెట్‌వర్క్ వైర్లు వేసే షాపులో చేరి, నిచ్చెన పట్టుకోవడం దగ్గర మొదలుపెట్టాను. ఆరు వారాలు మోచేతులు గీరుకుపోయాయి. ఫోను మోగినప్పుడల్లా ఆమేనేమోనని చూడటం, కాకపోతే ‘నీకు తగిన శాస్తే’ అనుకోవడం.

ఏడో వారంలో ఆమే.

“ఒక ఇంటికి రూటర్ కావాలి. మూడు గదులు, మధ్యలో వంటిల్లు. ఏది కొనమంటారు?” ‘బావున్నారా’ అని కూడా అడగలేదు.

నాలుక చివర అరడజను పేర్లు సిద్ధంగా ఉన్నాయి. ఇప్పుడు వాటిలో నాలుగింటిని చేత్తో బిగించినవాణ్ని కూడా.

“తెలీదండీ,” అన్నాను.

“ఏంటీ?”

“చూడకుండా తెలీదు. వెళ్లి చూసి చెప్తాను.”

లైను పోయిందేమోనని ఫోను తీసి చూసుకున్నాను. పోలేదు.

“ఈ ఒక్క మాట ఆ రోజు అనడానికి ఏం రోగం?” అంది చివరికి. కసిరినట్టే ఉంది గానీ గొంతులో తడి ఉంది. “రేపు పదింటికి రండి. టైలరుగారిల్లు.”

వెళ్లాను. మూడు గదులూ తిరిగి, గోడలన్నీ తట్టి, ఆ ఇంటికి రెండు యాంటెన్నాల చిన్న రూటర్ చాలని చెప్పి, తెచ్చి వంటింటి గుమ్మం పైన బిగించాను. ఆమె ఈసారి స్టూలు పట్టుకోలేదు. దూరంగా నిలబడి చూసింది. దిగేటప్పుడు నా గీరుకుపోయిన మోచేతులు చూసి ముఖం తిప్పుకుంది.

టైలరుగారు కుర్చీలోంచి నన్నే గమనిస్తున్నారు. మెల్లగా చెయ్యెత్తి నావైపు చూపించి, ఆమెనడిగారు.

“ఎవ... రు?”

ఆయనంతట ఆయన ప్రశ్న అడగడం అదే మొదటిసారట. వాళ్లావిడ చేతిలో గరిటె అలాగే ఆగిపోయింది. ఆమె నావంక చూసింది, ఆయన వంక చూసింది. ‘రూటర్ అబ్బాయి’ అంటే సరిపోయేది. కానీ ఆయనకి ఇక అబద్ధం చెప్పకూడదు కదా!

ఆమె ముఖమంతా ఎర్రబడిపోయింది. అయినా పని పనే. ఆయన ఎదురుగా కూర్చుని, పెదవులు కనపడేలా, ఒక్కొక్క మాటా తుంచి చెప్పింది.

“నాకు... నచ్చిన... అబ్బాయి.”

ఆయన పెదవులు తడుపుకున్నారు. “నచ్... చిన...”

“ఆఁ, బావుంది. పూర్తిగా అనండి.”

“నచ్చిన... అబ్... బాయి.”

వాళ్లావిడ గరిటెతో సహా చప్పట్లు కొట్టేసింది. ఆమె సిగ్గుతో తలెత్తడం లేదు. నాకు సిగ్గో, సంతోషమో, తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు.

“ఏవండీ,” అన్నాను ఆమెతో, “ఆయనతో ఇంకొక్కసారి అనిపించరూ?”