రెండో నంబరు అంకితం

ఆదివారం పొద్దున్నే జులీఖా వంటింట్లో కూర్చుని రవ్వ పిసుకుతోంది. బుధవారం నాడు కూతురు షాహినాజ్ విశ్వవిద్యాలయంలో ముగ్గురు ప్రొఫెసర్ల ముందు నిలబడి, తాను రాసిన ఎం.ఏ. పరిశోధన గురించి జవాబులు చెప్పాలి. సెతీఫ్ ఊళ్ళో అది పరీక్ష తక్కువ, పెళ్ళి ఎక్కువ. ఇంటిల్లిపాదీ కదిలి వస్తారు, పళ్ళేలకు పళ్ళేలు మిఠాయిలు వస్తాయి, ఫలితం చెప్పగానే ఆడవాళ్ళు నాలుకలు ఆడించి గది దద్దరిల్లేలా కేక పెడతారు. మార్కులు తగ్గితే ఊరు నాలుగు రోజుల్లో మరిచిపోతుంది గానీ మిఠాయి గట్టిపడితే మాత్రం పదేళ్ళు చెప్పుకుంటుంది. అందుకే జులీఖా నాలుగు కిలోల రవ్వ కలిపి, ఖర్జూరం గుజ్జు నూరి పెట్టుకుని, ఆడపడుచు ఖమీసాను సాయానికి పిలిపించింది.

ఖమీసా నోట్లో నువ్వుగింజ నానదు. బట్ట చేతులు పైకి మడుచుకుని పీట మీద కూర్చున్నది మొదలు ఒకటే పాట. ఇన్నేళ్ళు చదివిన పిల్ల ప్రతి ఆదివారం ఎవరో మేడమ్ దగ్గరికి రాత నేర్చుకోవడానికి వెళ్ళడమేమిటి, ఇంకా అలిఫ్, బే అక్షరాల దగ్గరే ఉందా అని. షాహినాజ్ నవ్వి ఊరుకుంది. మేనత్తకు జవాబు చెబితే రెండో ప్రశ్న వస్తుంది.

ముందు గదిలో తండ్రి లఖ్దర్ తన కుర్చీలో ఉన్నాడు.

"ఆయన కాఫీ తాగుతాడేమో అడుగు" అంది జులీఖా కూతురితో, ఆయనకు వినబడేంత గట్టిగానే.

షాహినాజ్ గుమ్మంలోంచి తొంగి చూసింది. ఆయన తల కొంచెం వంచాడు. "తాగుతాడట" అని అమ్మకు చెప్పింది.

పదకొండేళ్ళుగా ఆ ఇంట్లో ఇదే పద్ధతి. కోపాలూ తాపాలూ ఏమీ లేవు. తాను పని చేసిన బట్టల మిల్లు మూతపడ్డాక లఖ్దర్ మాట తగ్గించాడు. తగ్గించగా తగ్గించగా ఇక తగ్గించడానికి ఏమీ మిగల్లేదు. ఇంట్లోవాళ్ళు కూడా చీకట్లో బీరువాకు తగలకుండా నడిచినట్టు ఆయన పక్కనుంచి నడవడం అలవాటు చేసుకున్నారు. బాధగా ఉండదా అని ఎవరైనా అడిగితే షాహినాజ్ లేదనే చెప్పేది. అది అబద్ధమూ కాదు. ఆమెకు లోపల ఏదీ తగిలేది కాదు, బాధ కూడా.

ముందు రోజే పరిశోధన ప్రతులు బైండింగు అయి వచ్చాయి. ముదురాకుపచ్చ అట్ట, దాని మీద బంగారు అక్షరాలు. ఇరుగుపొరుగుకు చూపించుకోవాలని జులీఖా ముచ్చటపడితే షాహినాజ్ ఒక ప్రతిని ముందు గదిలో బల్ల మీద పెట్టింది. ఇంకొకటి సంచిలో వేసుకుని బస్సెక్కింది.

రాత సాయం చేసే గది గ్రంథాలయం వెనక ఉంది. పంతులమ్మగా పని చేసి రిటైరైన రఫీఖా మేడమ్ అక్కడ కూర్చుని, ఒక్కొక్క విద్యార్థికి అరగంట చొప్పున ఇస్తుంది. ఆవిడవి రెండే నియమాలు. రాసినవాళ్ళే పైకి చదవాలి. పెన్ను ఆవిడ ముట్టదు. నవంబరులో మొదటిసారి వెళ్ళినప్పుడు షాహినాజ్ "మహోజ్జ్వలమైన మన నగర చరిత్రలో" అని మొదలుపెడితే, ఇది నువ్వు చూశావా ఎక్కడో విన్నావా అని అడిగింది. విన్నానని ఒప్పుకోవలసి వచ్చింది. పాత ధాన్యం బజారు మీద ఆమె పరిశోధన. డెబ్బై ఏళ్ళ కిందట అక్కడ గోధుమలు కొలిచినవాడు కుంచం ఏ చేత్తో పట్టేవాడో, వేలితో అంచు ఎలా దులిపేవాడో తన మాటల్లో రాయడానికి ఫిబ్రవరి దాకా పట్టింది. ఆ తరువాత రాత దానంతట అదే దారిన పడింది.

ఇది చివరి ఆదివారం. మొదటి పేజీ నుంచి చదవమంది మేడమ్. మొదటిది అంకితం పేజీయేనని షాహినాజ్ తిప్పేయబోయింది.

"అదీ రాతేగా. చదువు."

షాహినాజ్ చదివింది. తన నిద్రను తనకు ధారపోసిన తల్లి జులీఖాకు. దేవుడి సన్నిధికి చేరిన తండ్రి లఖ్దర్ పవిత్రాత్మకు, అల్లా ఆయనను కరుణించుగాక. చదివి పేజీ తిప్పింది.

మేడమ్ కళ్ళజోడు తీసింది. "అల్లా ఆయన్ని కరుణించుగాక. ఇన్నాళ్ళూ చెప్పనేలేదు. ఎప్పుడు పోయారమ్మా?"

షాహినాజ్ నాలుక చివరిదాకా ఒక తారీఖు వచ్చింది. మార్చి పంతొమ్మిది. మిల్లు గేటుకు తాళం వేసిన రోజు. పెదవి కదిలాక ఆగింది.

"పోలేదు మేడమ్. ఇంట్లోనే ఉన్నారు."

ఆ పైన అసలేం జరిగిందో చెప్పింది. యూనివర్సిటీ గేటు ఎదురుగా ఫారూఖ్ జిరాక్సు కొట్టు. గోడ మీద నాలుగు అంకితాల నమూనాలు అంటించి ఉంటాయి. ఒకటి తల్లీతండ్రీ ఉన్నవాళ్ళకు, రెండు తండ్రి లేనివాళ్ళకు, మూడు పెళ్ళయినవాళ్ళకు, నాలుగు దేశం కోసం చనిపోయినవాళ్ళ కుటుంబాలకు. నంబరు చెబితే పేర్లు మార్చి అచ్చు వేసి ఇస్తాడు. ఊరంతా అలాగే చేస్తుంది. వెనక నిలబడ్డవాళ్ళ వరుస పెద్దగా ఉంది, రెండోది పొట్టిగా కనబడింది, రెండు అని చెప్పింది.

మేడమ్ నవ్వలేదు, మందలించనూ లేదు. "అచ్చయ్యాక ఎన్నిసార్లు చూసుకున్నావు?"

"మూడుసార్లు."

"మూడుసార్లూ సరిగ్గానే ఉందనిపించిందా?"

"అనిపించింది."

మేడమ్ ఒక తెల్లకాగితం ఆమె ముందుకు జరిపింది. మీ నాన్న గురించి ఒక్క వాక్యం రాయమంది, ఇంకొకరి నాన్నకు పనికిరాని వాక్యం. షాహినాజ్ "మా నాన్న" అని రాసింది. పెన్ను అక్కడే ఆగిపోయింది. ఎన్నడూ చూడని కొలతగాడి గురించి పన్నెండు పేజీలు రాసిన చెయ్యి, పొద్దున కాఫీ ఇచ్చి వచ్చిన మనిషి గురించి మూడో మాట రాయలేకపోయింది. అలా ఇరవై నిమిషాలు గడిచాయి. బయట తరువాతి విద్యార్థి దగ్గాడు.

"బుధవారం లోపు ఎప్పుడొచ్చినా నీకు చోటిస్తాను" అంది మేడమ్. "కానీ ఈ వాక్యం నా దగ్గర దొరికేది కాదు."

సగం దారిలో, బస్సులో ఉండగా, బల్ల మీద పెట్టిన ప్రతి గుర్తొచ్చింది.

అప్పటికే ఆలస్యమైపోయింది. రెండో అంతస్తు నుంచి ఇద్దరు ఆడవాళ్ళు మిఠాయి అచ్చులు తెచ్చి ఇవ్వడానికి వచ్చారట. మేనకోడలి గొప్ప వాళ్ళకు వినిపించాలని ఖమీసా చేతులు తుడుచుకుని ఆ ప్రతి తెరిచింది. ముందు గదిలో నిలబడి, రాగం తీసి మరీ చదివింది. చదువుకుంటూ పోతోందే గానీ ఏం చదువుతోందో బుర్రకెక్కలేదు. అల్లా ఆయనను కరుణించుగాక అన్న మాట రాగానే విన్నవాళ్ళు కూడా ఆ మాట అనడం ఆనవాయితీ. పోయినవాళ్ళ పేరు చెవిన పడితే నాలుక దానంతట అదే తిరుగుతుంది. పొరుగు ఆడవాళ్ళు అన్నారు. వంటింట్లోంచి జులీఖా అంది. కుర్చీలోంచి లఖ్దర్ కూడా అన్నాడు.

అన్నాక అందరూ ఆయన వైపు చూశారట. పొరుగు ఆడవాళ్ళు పొయ్యి మీద పాలు గుర్తొచ్చి వెళ్ళిపోయారు. షాహినాజ్ లోపలికి వచ్చేసరికి ఖమీసా ముఖాన కత్తివేటుకు నెత్తుటి చుక్క లేదు. ఆ పిల్ల సంచి ఇంకా భుజాన ఉండగానే మొదలుపెట్టింది.

"ఊపిరున్న మనిషికి సమాధి కట్టారే తల్లీకూతుళ్ళు. నా చేత చదివించారు."

జులీఖా తేనె చేతులతో వంటింటి గుమ్మంలో నిలబడింది. కేకలు వేసే మనిషి కాదు, అప్పుడూ వేయలేదు. "సమాధి నేను కట్టలేదు వదినా. పదకొండేళ్ళుగా దాని ముందు పళ్ళెం పెడుతున్నాను, అంతే."

కొట్టువాడి పొరపాటని షాహినాజ్ మెల్లిగా అంది. ఖమీసాకు ఆధారం దొరికినట్టయింది. ఇప్పుడే వెళ్ళి ఆ ఫారూఖ్ గడ్డం పట్టుకుంటానంది, వాడి నమూనాలన్నీ వాడి చేతే నమిలిస్తానంది, చెప్పులు కూడా వెతుక్కుంది. ఇక్కడితో తేలిపోయేదే. తప్పంతా కొట్టువాడి మీద వేసి, కొత్త పేజీ అతికించుకుని, బుధవారం మిఠాయి పంచుకునేవాళ్ళే. అలా తేలిపోతుందేమోనని షాహినాజ్‌కు భయం వేసింది. చాలాకాలానికి ఆమె లోపల కదిలింది ఆ భయమే.

"అతనిది కాదు అత్తా. నేను మూడుసార్లు చదివాను."

ఖమీసా చెప్పు చేత్తోనే పట్టుకుని పీట మీద కూలబడింది.

షాహినాజ్ వెళ్ళి తండ్రి కుర్చీ ముందు నేల మీద కూర్చుంది. ప్రతి ఆయన ఒళ్ళో ఉంది. మూసి, అట్ట మీద చెయ్యి పెట్టుకున్నాడు.

"బైండింగు గట్టిగా ఉంది" అన్నాడు.

ఆ గొంతు విని ఎన్నాళ్ళయిందో లెక్క వేయబోయింది గానీ అందలేదు. క్షమించమని అడగాలనుకుంది. ఆ మాట కూడా కొట్టు గోడ మీద నంబరు వేసి అంటించినట్టే ఉంది. అందుకని నిజం చెప్పింది. మేడమ్ ఎప్పుడు పోయారని అడిగితే తాను తారీఖు చెప్పబోయానని.

లఖ్దర్ తల ఎత్తాడు. "ఏ తారీఖు?"

"మిల్లు మూసిన రోజు."

ఆయన తల అడ్డంగా ఊపాడు. పాత లెక్కలో పొరపాటు దిద్దే మనిషిలా నిదానంగా చెప్పాడు. "మార్చిలో కాదు. మార్చిలో బాగానే ఉన్నాను. సెప్టెంబరులో. నువ్వు బడి నుంచి ఫారం తెచ్చుకున్నావు. ఇక్కడే, ఈ బల్ల దగ్గరే నింపుతున్నావు. తండ్రి పేరు రాశావు, ఊరు రాశావు. తండ్రి వృత్తి అన్న చోట ఆగావు. నేను ఎదురుగానే కూర్చున్నాను. నువ్వు నా వైపు చూసి, ఫారం తీసుకుని వంటింట్లోకి అమ్మ దగ్గరికి వెళ్ళావు."

షాహినాజ్‌కు గుర్తొచ్చింది. పదమూడేళ్ళు అప్పుడు. నాన్న నొచ్చుకుంటాడేమోనని, అడగకుండా చప్పుడు చేయకుండా లేచింది. తాను చాలా తెలివైన పని చేశాననుకుంది ఆ రోజు.

"ఏమీ లేదు అని రాసింది మీ అమ్మ" అన్నాడు లఖ్దర్. "తప్పు రాయలేదు. ఉన్నదే రాసింది. కానీ అడిగితే నేను చెప్పేవాణ్ణి. అడుగుతారని కొన్నాళ్ళు చూశాను."

గుమ్మంలో జులీఖా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. చేతికున్న తేనె చెంపకు అంటుకుంది. "నీకు బాధ తగలకూడదనే కదా" అంది ఆయనతోనే, కూతురి చేత చెప్పించకుండా.

"ఇందాక నేనూ అన్నానుగా, కరుణించుగాక అని" అన్నాడాయన. "అన్నాక ఎవరి గురించా అని చూసుకున్నాను. నాకూ తప్పనిపించలేదు."

షాహినాజ్ సంచిలోంచి మేడమ్ ఇచ్చిన కాగితం తీసింది. దాని మీద రెండు మాటలే ఉన్నాయి. దాన్ని నేల మీద పరుచుకుంది. పదకొండేళ్ళు ఆలస్యంగా అడిగింది.

"నాన్నా, నీ వృత్తి ఏమిటి?"

ఆయన వెంటనే చెప్పాడు, నాలుక మీద సిద్ధంగా ఉన్నట్టు. "మగ్గాల మెకానిక్. రెండో షెడ్డు."

ఆమె రాసింది. ఎన్ని మగ్గాలు చూసేవాడివని అడిగింది. ముప్పై రెండు అన్నాడు. అందులో ఒకటి ఎప్పుడూ మొరాయించేదట. దాన్ని తుక్కు కింద తీసేయమని పైవాళ్ళు రెండుసార్లు రాశారట, ఈయన తీయనివ్వలేదట. పని ఆగిన గంటల్లో దాని కింద దూరి పడుకునేవాడట. చివరి ఏడాది అది తక్కినవాటికంటే బాగా నేసిందట. ఆ సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు. ఖమీసాకు కూడా తెలియదు.

"ఎందుకు తీయనివ్వలేదు?" అని అడిగింది షాహినాజ్.

"ఆగిపోయినంత మాత్రాన తీసేస్తారా" అన్నాడు లఖ్దర్. గొప్ప కోసం అన్న మాట కాదు, పని తెలిసినవాడు అన్నట్టే అన్నాడు.

షాహినాజ్ ఆ మాట రాయబోయింది. సగంలో అక్షరాలు కనబడలేదు. ముందు ఒక చుక్క రాలింది, ఆ తరువాత ఇన్నేళ్ళదీ ఒక్కసారిగా వచ్చింది. ఆమె పెన్ను వదలకుండా, కన్నీళ్ళు తుడుచుకుంటూ రాయాలని చూసింది.

"ముందు ఏడువు తల్లీ" అన్నాడు తండ్రి. "తరువాత రాద్దువుగాని. నేనిక్కడే ఉంటాను."

కుర్చీలోంచి వంగి, కాగితం తడవకుండా పక్కకు జరిపాడు.