చిలక కట్టిన బండి

"వివియన్ కాస్టెలేన్ ఇవాళ గేటు దాటకూడదు," అంది గూఢచారి శాఖ చీఫ్. "దాటిందంటే మన జలాంతర్గాముల గుట్టు సముద్రం దాటినట్టే."

ఆ మాటలు ఎమ్మెట్ లిండ్‌క్విస్ట్ చెవిలోని రేడియోలోంచి వచ్చాయి. చూసేవాళ్ళకి అది వినికిడి మిషన్. ఫ్లోరిడాలో, రిటైరైనవాళ్ళు మాత్రమే ఉండే పెలికన్ గ్రోవ్‌లో చెవికి మిషన్ లేనివాణ్ణే వింతగా చూస్తారు. ఊళ్ళో అతని పేరు కార్ల్ హాడ్జ్, ఒకప్పటి పళ్ళ డాక్టరు. పాపం, రెండు నెలలుగా ఊరంతా అతనికి పళ్ళు చూపిస్తోంది.

వివియన్ డబుల్ ఏజెంట్. అరవై దాటినా ఎర్ర బూట్లు వేసుకుని చౌరస్తాలో డాన్స్ నేర్పుతుంది. నేవీలో పనిచేసిన ముసలి ఇంజనీర్లు ఆమెతో ఒక్క పాటకి ఆడితే చాలు, కడుపులో ఉన్నదంతా కక్కేస్తారు. ఆ కక్కిందంతా ఇప్పుడు ఒక చిప్‌లో ఉంది. ఆ చిప్ వినికిడి మిషన్ బ్యాటరీల డబ్బాలో ఉంది. గేటు బయట ఒక కారు ఆ డబ్బా కోసం కాచుకుని ఉంది.

"ఆమె గోల్ఫ్ కార్ట్‌లోనే వెళ్తుంది. ఆ దారిలో కారు పట్టదు," అంది చీఫ్. "అందుకే మనవాళ్ళు నీ బండికి స్పీడ్ లిమిటర్ పీకేసి మోటార్ మార్చారు. గంటకి నలభై మైళ్ళు పోతుంది."

"ఇరవై దాటితే చట్టం దృష్టిలో అది గోల్ఫ్ కార్టే కాదు మేడమ్. రిజిస్ట్రేషన్ కావాలి, నంబర్ ప్లేటు కావాలి, నడిపేవాడికి లైసెన్స్ ఉండాలి. నాకున్న ఇన్సూరెన్స్ చెల్లదు."

"గూఢచారికి ఇన్సూరెన్సేమిటయ్యా! ఎవరికీ చెప్పకు, అంతే."

చెప్పలేదు. ఇన్సూరెన్స్ కంపెనీ అమ్మాయి ఫోన్‌లో, బండికి మార్పులేమైనా చేయించారా అని అడిగితే, "గ్లాసు పెట్టుకోవడానికి ఒక స్టాండు" అని జోకు కూడా వేశాడు.

పెలికన్ గ్రోవ్‌లో అందరూ తిరిగేది ఈ చిన్న బ్యాటరీ బండ్లలోనే, అన్నీ ఒకే రంగు. ఒకరి తాళం చెవి మరొకరి బండికి భేషుగ్గా పడుతుంది. అందుకే గుర్తు కోసం ఎవరికి వాళ్ళు పైకప్పుకి ఏదో ఒకటి కట్టుకుంటారు. పక్కింటి డెల్ఫా రమెల్ పసుపు పచ్చ బొమ్మ చిలకని కట్టుకుంది. ఎనభై ఏళ్ళ డెల్ఫాని చూసి ఎవరూ జాగ్రత్తపడరు. వివియన్ అసలే పడదు. ఎమ్మెట్ అచ్చం అలాంటి చిలకనే కొని తన బండికి కట్టుకున్నాడు. తన తెలివికి తనే మురిసిపోయాడు.

సాయంత్రం చౌరస్తాలో పాట ముగిసింది. వివియన్ డబ్బాని చేతిసంచిలో వేసుకుని తన బండెక్కింది. గుంపులోంచి చూస్తున్న ఎమ్మెట్ ఐస్‌క్రీం కొట్టు ముందు ఆపిన తన బండి దగ్గరికి పరుగెత్తాడు. ఎక్కి పెడల్ నేలకి నొక్కాడు. బండి నింపాదిగా కదిలింది.

సీటు మీద అల్లిక దారం ఉండ. అది డెల్ఫా బండి!

ముందు, దారి మలుపులో, ఇంకో పసుపు పచ్చ చిలక బాణంలా దూసుకుపోతోంది. డెల్ఫా ఐస్‌క్రీంతో బయటికొచ్చి, చిలకని చూసి, తన బండే అనుకుని అతని బండి ఎక్కేసింది. రోజూలాగే పెడల్‌ని పూర్తిగా నొక్కింది. ఈ ఊళ్ళో అందరూ అంతే నొక్కుతారు, ఎంత నొక్కినా పంతొమ్మిది మైళ్ళు దాటదు కాబట్టి. ఈ బండి దాటింది. భయంతో ఆమె కాలు బిగుసుకుపోయింది.

"కాలు తియ్యండి డెల్ఫా గారూ! కాలు తియ్యండి!" అని ఎమ్మెట్ వెనక నుంచి అరిచాడు.

గేటు దగ్గర వివియన్ కారులోకి చెయ్యి చాచింది. డబ్బా ఇంకా ఆమె వేళ్ళ మధ్యే ఉంది. చిలక బండి వచ్చి ఆమె బండి వెనక ఢీకొట్టింది. వివియన్ పొదలో పడింది, డబ్బా గడ్డిలో పడింది, కారు పారిపోయింది.

"కార్ల్! నాయనా, కార్ల్!" డెల్ఫా నేల మీంచి పిలిచింది.

ఎమ్మెట్ ముందు డబ్బా వెతికి తీసుకున్నాడు. ఆ తర్వాతే ఆమె దగ్గరికి వెళ్ళాడు.

మర్నాడు చెవిలో చీఫ్ ఉబ్బితబ్బిబ్బవుతోంది. "వివియన్ మన చేతికి చిక్కింది, నీకు మెడల్ ఖాయం! చిలకని చూసి ఊరంతా అది డెల్ఫా బండే అనుకుంటోంది. అలాగే అనుకోనీ."

ఆసుపత్రిలో డెల్ఫా తుంటికి కట్టు కట్టి ఉంది. పక్కన పోలీసు నిలబడ్డాడు. రిజిస్ట్రేషన్ లేని వాహనం, లైసెన్స్ లేకుండా నడపడం అని ఆమె మీద కేసు రాశాడు. వేగం పెంచిన బండికి పైసా కూడా ఇవ్వబోమని ఆమె ఇన్సూరెన్స్ కంపెనీ అప్పుడే చెప్పేసింది.

"నేనేం మార్పులు చేయించలేదు కార్ల్," అంది డెల్ఫా మెల్లగా. "చేయించి మర్చిపోయానేమో. మతి పోతోంది కాబోలు. నువ్వు ఎవరితోనూ అనకేం."

ఎమ్మెట్‌కి సిగ్గుతో ఒళ్ళు చచ్చిపోయింది. దేశదేశాల్లో ఎందరినో మోసం చేశాడు, ఏనాడూ ఇలా తల వాలిపోలేదు. చెవిలోంచి మిషన్ తీసి నీళ్ళ గ్లాసులో పడేశాడు. చీఫ్ గొంతు బుడబుడలాడి ఆగింది.

"ఆఫీసర్, ఆ బండి నాది. వేగం పెంచిందీ నావాళ్ళే, ఇన్సూరెన్స్‌కి అబద్ధం చెప్పిందీ నేనే, ఆ చిలకని కట్టిందీ నేనే. నా పేరు ఎమ్మెట్ లిండ్‌క్విస్ట్."

డెల్ఫా తల అతని వైపు తిప్పింది.

"నేను పిలుస్తుంటే నువ్వు ముందు ఏదో డబ్బా ఏరుకున్నావు. అది కూడా నా భ్రమే అనుకున్నాను."

"భ్రమ కాదమ్మా. ఏరుకున్నాను."

"హమ్మయ్య," అని ఆమె కళ్ళు తుడుచుకుంది. "అయితే నా మతి బాగానే ఉంది. బాగోలేనిది నువ్వు."

మెడల్ పోయింది, ఉద్యోగం పోయింది. కోర్టు జరిమానా వేసింది, ఆసుపత్రి ఖర్చు కూడా అతని నెత్తినే పడింది. డెల్ఫా నడిచేదాకా ఆమె బండికి అతనే డ్రైవరు.

"తొందరగా పోనీ అబ్బాయ్, ఐస్‌క్రీం కారిపోతోంది!"

ఎమ్మెట్ పెడల్ నేలకి నొక్కాడు. పంతొమ్మిది మైళ్ళు. ఎదురొచ్చేవాళ్ళంతా చెయ్యి ఊపుతున్నారు, కొందరు మాత్రం ఇంకా పళ్ళు చూపిస్తున్నారు.