నలభై ఒక్క మాటల పేజీ

"భయపడి వచ్చాననుకోకండి," అంది సూది అక్క, కుర్చీ లాక్కుని కూర్చుంటూ. "ఒళ్లు మండి వచ్చాను."

కిటికీ పక్క బల్ల దగ్గర్నించి పోస్ట్‌మాన్ తలెత్తి చూశాడు. ముప్పై రెండేళ్లు ఉత్తరాలు పంచి రిటైరైన మనిషి, ఇప్పుడు లైబ్రరీ మేడం దగ్గర అసిస్టెంటు. మేడం కూడా ఒకప్పుడు పెద్ద గ్రంథాలయంలో పుస్తకాల జాబితాలు రాసేది. రిటైరయ్యాకే ఈ డిటెక్టివ్ పని మొదలుపెట్టింది. అంత చురుకైన బుర్ర తన జీవితంలో మరొకటి చూడలేదని పోస్ట్‌మాన్ నమ్మకం. ఆమె ముందు అంటే విసుక్కుంటుందని, ఇంట్లో భార్యతో అంటుంటాడు.

సూది అక్క కుట్టుమిషన్లు బాగుచేస్తుంది. ఎంత కడిగినా పోని నూనె మరకలు ఆమె గోళ్ల సందుల్లో ఉన్నాయి. ఆమె వెబ్‌సైటంతా కలిపి ఒకటే పేజీ. అయినా ఎవరైనా ఫోన్లో కుట్టుమిషన్ రిపేరు అని వెతికితే, నాలుగేళ్లుగా అన్నిటికన్నా పైన వచ్చేది అదే.

"అదే నా నేరమట," అంటూ ఆమె కొన్ని కాగితాలు బల్ల మీద పడేసింది.

రిపేరుదారుల సంఘానికి ఎవరో సంతకం లేకుండా రాసిన ఫిర్యాదుకు నకలు అది. 'ముప్పై తొమ్మిది మాటలున్న పేజీ న్యాయంగా మొదటికి రాదు. ఈమె రెండు వందల పన్నెండు దొంగ లింకులు కొనుక్కుంది,' అని ఉంది. వెనక ఆ లింకుల జాబితా. పైన సంఘం ముద్ర, పన్నెండో తేదీ.

"లింకులంటే?" అడిగాడు పోస్ట్‌మాన్.

"వేరేవాళ్ల పేజీలో నా పేజీకి దారి చూపించే మాట. నొక్కితే నా దగ్గరికొస్తారు. అలా చూపించేవాళ్లు ఎక్కువైతే సెర్చింజన్‌కి మన మీద నమ్మకం పెరుగుతుందట. డబ్బిచ్చి కొన్నవని తెలిస్తే మాత్రం పేజీని కిందికి తోసేస్తుందట. నేను ఒక్కటి కూడా కొనలేదు. శనివారం మీటింగు. సంఘం నన్ను తీసేస్తే ట్రైనింగు హాలు ఇవ్వరు. పదకొండుమంది ఆడవాళ్లు అక్కడ నా దగ్గర పని నేర్చుకుంటున్నారు, ఇంకా సగంలోనే ఉన్నారు. క్షమాపణ రాసిస్తే సర్దేస్తానంటున్నాడు కార్యదర్శి."

"రాస్తారా?" అడిగింది మేడం.

"చచ్చినా రాయను."

మేడం అప్పుడు నవ్వింది. "పోస్ట్‌మాన్ గారూ, ఆ పేజీ తెరిచి మాటలు లెక్కపెట్టండి."

అతను తెర మీద వేలు పెట్టి రెండుసార్లు లెక్కపెట్టాడు. షాపు పేరు, వీధి, ఏ మిషన్లు చూస్తారు, ఎప్పుడు తీస్తారు, ఫోన్ నంబరు. చివర 'గురువారం సెలవు'.

"నలభై ఒకటి మేడం."

"ఆ చివరి రెండూ ఈ నెల రెండో తేదీన పెట్టాను," అంది సూది అక్క. "గురువారాలు హాల్లో ఉంటున్నాను కదా."

మేడం పెన్సిలు తీసి ఫిర్యాదు మొదటి వాక్యం కింద గీత గీసింది.

మర్నాడు ఉదయం ఇద్దరూ సంఘం ఆఫీసుకు వెళ్లారు. కార్యదర్శి నీళ్లు నమిలాడు. ఉత్తరం పెట్టెలో దొరికిందన్నాడు. ఆవిడకిచ్చిన ఒక్క నకలు తప్ప అది తన సొరుగు దాటలేదన్నాడు.

అక్కణ్నించి షోరూముకు వెళ్లారు. అద్దాల వెనక కొత్త మిషన్లు బారులు తీరి ఉన్నాయి. వెతుకులాటలో ఎప్పుడూ రెండోదిగా వచ్చేది వీళ్ల సైటే.

"ఆవిడ పేజీలో ఏముందండీ, నాలుగు ముక్కలు," అన్నాడు షోరూమ్ ఆయన. "గురువారం సెలవట, అదొకటి. నేను మూడొందల వ్యాసాలు పెట్టించాను. అయినా రెండో స్థానంలోనే ఏడుస్తున్నాను."

"ఫిర్యాదు మీరిచ్చిందేనా?"

"ఇస్తే సంతకం పెట్టే ఇస్తాను. నాకు దాపరికం దేనికి?"

ఆ మూడొందలూ రాసిన మనిషి మేడ మీద గదిలో ఉన్నాడు. అందరూ వ్యాసాల మాస్టారంటారు. ఆయన తెర మీద అప్పుడు సిద్ధమవుతున్న వ్యాసం పేరు 'సూది కన్నం: ఒక సమగ్ర పరిశీలన'. పోస్ట్‌మాన్ దగ్గు తెచ్చుకుని నవ్వు దాచుకున్నాడు.

"ఇవన్నీ ఎవరు చదువుతారు?" అడిగింది మేడం.

"సెర్చింజన్ చదువుతుంది. ఎంత రాస్తే అంత పైకి. ముప్పై తొమ్మిది మాటలతో ఒకావిడ నెత్తినెక్కి కూర్చుంటే, చదువుకున్నవాడికి విలువెక్కడిది చెప్పండి?"

"ఫిర్యాదు మీరు చూశారా?"

"లేదండీ. ఎవరో ఇచ్చారని విన్నాను, అంతే."

మెట్లు దిగుతూ మేడం ఆ జాబితా పోస్ట్‌మాన్ చేతిలో పెట్టింది. "రెండు వందల పన్నెండు ఇళ్లనుకోండి. ఒక్కో తలుపూ తట్టి రండి. తర్వాత, ఈ జాబితాలో లేకుండా సూది అక్కకు దారి చూపించేవాళ్లు ఇంకెవరున్నారో కూడా చూడండి."

రెండు రోజులు పట్టింది. జాబితాలోవన్నీ మనుషుల్లేని ఇళ్లే. గుర్రపు నాడాల పేజీలో కుట్టుమిషన్ రిపేరు, చేపల తొట్ల పేజీలో అదే ముక్క. ప్రతి పేజీ నెత్తిన ఒక తేదీ ఉంది. ముద్రలు చదవడానికి అలవాటుపడిన అతని కళ్లు అక్కడే ఆగిపోయాయి.

"మేడం," అన్నాడు గొంతు తగ్గించి. "అన్నిటికన్నా పాతది ఈ నెల తొమ్మిదో తేదీది. పదిహేడు మాత్రం పద్నాలుగు తర్వాత పుట్టాయి. ఉత్తరం అందిందేమో పన్నెండున. అప్పటికింకా పుట్టని పేజీల పేర్లు ఉత్తరంలో ఎలా ఉంటాయి?"

"కేసు సగం మీరే తేల్చారు," అంది మేడం. ఆ రోజు పోస్ట్‌మాన్ భార్య ఆ మాట నాలుగుసార్లు వినాల్సి వచ్చింది.

శనివారం సంఘం గది నిండిపోయింది. షోరూమ్ ఆయన, వ్యాసాల మాస్టారు కూడా వచ్చారు. సూది అక్క వెనక బెంచీకి పోకుండా ముందు వరసలో, కార్యదర్శికి ఎదురుగా కూర్చుంది. మేడం లేచి నిలబడింది.

"ఆమె నాలుగేళ్లుగా మొదట ఉంది. ఈ లింకులకి నెల కూడా నిండలేదు. కాబట్టి వీటివల్ల పైకి రాలేదు. పైగా పన్నెండో తేదీ ఉత్తరంలో, పద్నాలుగు తర్వాత పుట్టిన పదిహేడు పేజీలున్నాయి. ఏ పేజీలు రాబోతున్నాయో ముందే తెలిసేది ఒక్కరికే, వాటిని పురమాయించిన మనిషికి. ఫిర్యాదు చేసింది, లింకులు కొన్నది ఒక్కరే."

గదిలో గుసగుసలు మొదలయ్యాయి.

"ఆ మనిషి ముప్పై తొమ్మిది మాటలని రాశాడు. రెండో తేదీ నుంచి ఆ పేజీలో ఉన్నవి నలభై ఒకటి. అంటే ఎప్పుడో లెక్కపెట్టి, ఆ పాత అంకెనే మనసులో మోస్తున్నాడు. షోరూమ్ ఆయన గురువారం సెలవు సంగతి కూడా చెప్పారు, అంటే కొత్త పేజీ చూశారు. ఉత్తరం చూడలేదంటూనే నాతో ముప్పై తొమ్మిది అన్నది వ్యాసాల మాస్టారు ఒక్కరే."

వ్యాసాల మాస్టారు ముఖం మాడిపోయింది. "ఏడాదిపాటు రాశాను," అన్నాడు, షోరూమ్ ఆయన్ని చూపిస్తూ. "మీరు మొదటికొస్తారని ఈయనకు మాటిచ్చాను. ప్రతి ఉదయం తెరిచి చూస్తే పైన అదే ఉండేది. దాన్ని దించడానికి ఇంకో దారి కనపడలేదు. అసలు అదెలా గెలుస్తుందో మీరైనా చెప్పండి."

"చెప్తాను. పోస్ట్‌మాన్ గారికి నిజమైన లింకులు నలభై ఆరు దొరికాయి. కుట్టుపని నేర్పే బడులు, నాటకాల దుస్తులు కుట్టేవాళ్లు, ఆమె దగ్గర మిషన్ బాగుచేయించుకున్నవాళ్లు. ఎవరూ అడక్కుండానే, ఇక్కడికెళ్లండని తమ పేజీల్లో రాసుకున్నారు. వెళ్లినవాళ్లకు నంబరు అక్కడే కనపడుతుంది. ఫోన్ చేస్తారు, మళ్లీ వెనక్కెళ్లి ఇంకోటి వెతుక్కోరు. ఆ నలభై ఒక్క మాటల్లో వచ్చినవాళ్లకు కావాల్సిందంతా ఉంది." మేడం షోరూమ్ ఆయన వైపు తిరిగింది. "మీ సైటులో మీ ఫోన్ నంబరు ఎక్కడుందండీ?"

ఆయన జేబులోంచి ఫోన్ తీసి వేలితో పైకి తోయడం మొదలుపెట్టాడు. దారం చరిత్ర వెళ్లిపోయింది. గుండీల పుట్టుక వెళ్లిపోయింది. ఇంకా తోస్తూనే ఉన్నాడు.

కార్యదర్శి గొంతు సవరించుకున్నాడు. "సరే, ఫిర్యాదు కొట్టేస్తున్నాం. మాస్టారి సంగతి తర్వాత చూద్దాం. కానీ మళ్లీ ఇలాంటి గొడవ రాకుండా, అమ్మా, మీరు కూడా ఒక ఐదొందల మాటలు రాయించి పెట్టండి."

సూది అక్క లేచింది.

"రాయించను. మిషన్ ఆగిపోయి, సగం కుట్టిన బట్ట ఒళ్లో పెట్టుకుని కూర్చున్న మనిషికి నేను కబుర్లు చెప్పను. నంబరిస్తాను. అది తప్పయితే ఇప్పుడే నా పేరు కొట్టేయండి. రోడ్డు మీద బల్ల వేసైనా ఆ పదకొండుమందికీ పని నేర్పుతాను."

"తీసెయ్యాలనేవాళ్లు చేతులెత్తండి," అన్నాడు కార్యదర్శి నీరసంగా.

షోరూమ్ ఆయన చెయ్యి ఒక్కటే లేచింది. అందరూ అటు తిరిగారు.

"ఆవిణ్ని కాదు," అన్నాడాయన, ఇంకా ఫోన్ వైపే చూస్తూ. "నా సైటులో ఈ మూడొందలూ ఎలా తీసెయ్యాలో ఎవరికైనా తెలుసా?"

నవ్వులు సద్దుమణిగేదాకా సూది అక్క ఆగలేదు. కార్యదర్శి ఎదుటికొచ్చి చెయ్యి చాచింది. "హాలు తాళాలు ఇలా ఇవ్వండి. కింద ఆ పదకొండుమందీ నిలబడి ఉన్నారు."