గీకేసిన వీనస్

ఆంట్వెర్ప్‌లో ఆ చలికాలం నది అంచులు మంచు కట్టాయి. పొద్దున్నే దిమ్ఫ్నా అమ్మగారింటి మేడగదిలో కూర్చుని కత్తి నూరుకుంటున్నాను. ఎదురుగా గోడకు, నాలుగేళ్ల కిందట నేనే వేసిన బొమ్మ. వేటకు బయల్దేరిన అడోనిస్‌ని ప్రియురాలు వీనస్ దేవత నడుం పట్టుకుని ఆపుతుంటుంది. అతను నవ్వుతూ ఆమె చెయ్యి విడిపించుకుంటుంటాడు. ఆ వేటలోనే అతను అడవిపందికి బలవుతాడని చూసేవాళ్లందరికీ తెలుసు.

అడోనిస్‌ ముఖం అమ్మగారి భర్త, ఈ ఇంటి యజమాని గిలిస్‌ది. వీనస్ ముఖం పనిమనిషి మాయ్‌కెన్‌ది. ఇద్దర్నీ పక్కపక్కన నిలబెట్టి గీసినవాణ్ణి, వాళ్ల సంగతి నాకు తెలియక కాదు. గిలిస్ పోయి నెల కూడా కాలేదు. అమ్మగారు నన్ను పిలిపించి, వీనస్ ముఖం గీకేసి అక్కడ తన ముఖం వెయ్యమంది. రాలిన పొడి పట్టడానికి మాయ్‌కెన్ గిన్నె పట్టుకుని నిలబడాలంది.

మాయ్‌కెన్ ఏడవలేదు. నేను గీకుతూ బొమ్మ కళ్ల దగ్గరికి వచ్చినప్పుడు మాత్రం తల పక్కకు తిప్పుకుంది. ముఖమంతా పోయాక అమ్మగారు గిన్నెలోకి తొంగిచూసింది.

"నీ అందమే కదే. పారేసుకోవడమెందుకు? పిండిలో కలిపి రొట్టె చేసుకో. నా ఎదురుగా తినాలి."

ఆ ముఖానికి వాడిన తెల్లరంగు సీసంతో చేసింది, విషం. తింటే ఏమవుతుందో రంగులు నూరే ప్రతివాడికీ తెలుసు. మాయ్‌కెన్ నా వైపు చూసింది.

"తినొచ్చా అయ్యా?" అని మెల్లిగా అడిగింది.

నేను కత్తి తుడుచుకుంటూ ఉండిపోయాను.

మాయ్‌కెన్ ఆ రొట్టె తింది. మర్నాడు అమ్మగారి ముఖం వెయ్యడం మొదలుపెట్టాను. మూడోనాటికి మాయ్‌కెన్ కడుపు పట్టుకుని మెట్ల కింద పడుకుంది. ఆ మూలుగు పైకి వినబడుతుంటే, అమ్మగారు నన్ను ఆగొద్దంది. అదే రోజు గమనించాను. బొమ్మలో అడోనిస్ నవ్వడం లేదు. నేను ముట్టుకున్నది వీనస్ ముఖం ఒక్కటే... అతని జోలికే పోలేదు.

ఆరోనాడు అతని చెయ్యి ఆమె చేతి మీద లేదు. ఆమె మెడ వెనక్కి వెళ్లింది. మెడను పట్టుకుని ఉంది.

ఎనిమిదోనాడు తెల్లవారేసరికి మాయ్‌కెన్ చచ్చిపోయింది. వంటమనిషి ఆమె మీద దుప్పటి కప్పుతుంటే పక్కనుంచే మేడెక్కాను. నేను వేసిన అమ్మగారి ముఖం పెచ్చులుగా రాలి నేల మీద పడుంది. ఆ చోట మాయ్‌కెన్. నేను వేసినట్టు కాదు. పెదాలు నల్లబడి, కళ్లు లోతుకుపోయి, మెట్ల కింద ఇప్పుడు ఎలా ఉందో అలా. అడోనిస్ ఆమె తలను గుండెకు అదుముకుని ఉన్నాడు.

అమ్మగారు వెనకాలే వచ్చింది. బొమ్మ చూసింది.

"మళ్లీ గీకు," అంది.

పొయ్యి వెలిగించని గది. కత్తి ఆ పెదాల దగ్గరికి తీసుకెళ్లాను. కత్తి రేకు మీద ఆవిరి పట్టింది. నా ఊపిరేమో అనుకున్నాను. తుడిచి, నోరూ ముక్కూ గట్టిగా మూసుకుని మళ్లీ పెట్టాను.

పట్టింది...

అమ్మగారూ చూసింది. అయినా ఆపమనలేదు.

"గీకమన్నానా?"

గీకాను. కళ్లు, ముక్కు, పెదాలు. కింద ఉత్త నారబట్ట బయటపడేదాకా గీకాను. ఆమె కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుంది. జుట్టు సవరించుకుని, ఇక మొదలుపెట్టమంది.

కుంచె అందుకోబోతూ, ఎందుకో, కత్తిని ఆ ఖాళీ బట్ట ముందు పెట్టి చూశాను. నోరు లేదు. ముఖమే లేదు.

రేకు మసకబారింది. కాసేపటికి తేటపడింది. మళ్లీ మసకబారింది... ఈసారి ఇంకా తొందరగా.