బయట పడుకున్న పాప

హాల్వార్‌కి ఒక గొప్ప గుణం ఉంది. ఆ సంగతి అందరికంటే ముందు గుర్తించినవాడు హాల్వారే. అతను ఎవరి జోలికీ పోడు. బస్సులో సీటు ఖాళీగా ఉన్నా, దాని పక్క సీట్లో ఎవరైనా ఉంటే, దిగేదాకా నిలబడే ప్రయాణం చేస్తాడు. మెట్ల మీద పొరుగువాడి అడుగులు వినిపిస్తే, అవి కిందికి దిగిపోయేదాకా తలుపు వెనక ఊపిరి బిగబట్టి నిలుచుంటాడు. అది బిడియం అంటుంది భార్య సిల్యే. మర్యాద అంటాడు అతను. నార్వేలో సగంమంది అతని పక్షమే. వాళ్లూ నోరు విప్పరు గనక ఆ లెక్క తేలలేదు, అంతే.

శీతాకాలం సెలవులకి ఇద్దరూ పసిపిల్ల తూవాని వెంటబెట్టుకుని దేశం దక్షిణపు కొస నుంచి ఉత్తరాన ఉన్న ట్రోమ్సో ఊరికి వచ్చారు. విమానం దిగేసరికి మధ్యాహ్నం. ఆకాశం మాత్రం సిరా ఒలికినట్టుంది. ఆ రోజుల్లో అక్కడ సూర్యుడు కొండ దాటి రాడు. నీలిరంగు వెలుగు కాసేపు తచ్చాడి, మళ్లీ చీకట్లో కలిసిపోతుంది. అద్దె ఇల్లు ఇంకా శుభ్రం చేస్తున్నామని కబురొస్తే, రేవు పక్కన ఒక కాఫీ దుకాణంలోకి వెళ్లారు.

పాపని బయటే పడుకోబెట్టారు. నార్వేలో పసివాళ్ల పగటినిద్ర మంచుగాలిలోనే కదా మరి. ఉన్ని సంచిలో దూర్చి, మెడదాకా దుప్పటి కప్పి, పిల్లల బండిని కిటికీ కింద ఆపారు. దుప్పటిలో దాచిన బుల్లి రేడియో, పాప ఊపిరిని లోపల బల్ల మీదున్న జత రేడియోకి పంపిస్తోంది.

దుకాణం నిండా తడిసిన ఉన్ని వాసన, దాల్చినచెక్క వాసన. సిల్యే బన్నులు తేవడానికి లేచిందో లేదో, చేపల పడవ మనిషొకడు వచ్చి ఆమె కుర్చీ మీద చెయ్యి వేశాడు.

"ఇది ఎవరిదండీ?"

హాల్వార్ నోరు తెరిచాడు. మాట రాలేదు. 'నా భార్యది' అని ముక్కూమొహం తెలియనివాడికి చెప్పడం, ఇంటి గుట్టు బయటపెట్టడంలా అనిపించింది. కాసేపు చూసి ఆ మనిషి కుర్చీ ఎత్తుకుపోయాడు. అడిగినప్పుడు ఎవరూ పలకకపోతే ఖాళీ అనే లెక్క.

"కుర్చీ ఏదీ?" అంది సిల్యే, బన్నులతో వచ్చి.

"అడిగాడు..."

"నువ్వేమన్నావ్?"

"ఏమీ అన్లేదు."

"నోట్లో ముత్యాలున్నాయా, రాలిపోతాయని భయమా? రేపు నన్నడిగినా ఇలాగే ఇచ్చేసి కూర్చుంటావు, మహానుభావా!"

నిలబడే బన్ను తినేసి, ఇంటి తాళం తీసుకురావడానికి ఆమె బయటికి వెళ్లింది.

కాసేపటికి కిటికీ అద్దం మీద ఎవరో టకటకా కొట్టారు. ఆవిరి పట్టిన అద్దం వెనక ఒక చెయ్యి ఊగింది. పక్క బల్లవాళ్ల కోసం కాబోలనుకుని, హాల్వార్ మర్యాదగా తల తిప్పుకున్నాడు.

రేడియోలో గరగర... తర్వాత ఏమీ లేదు.

అతను కప్పు కింద పెట్టి చెవి ఒగ్గాడు. మళ్లీ ఊపిరి వినిపించింది. హమ్మయ్య. కాకపోతే ఈ ఊపిరి కాస్త నిదానంగా ఉంది. తడిగా ఉంది. పాపకి జలుబు చేసిందేమో.

ఇంతలో సన్నగా కూనిరాగం.

చొక్కా చేతితో అద్దం తుడిచాడు. బయట ఒకావిడ బండి మీదికి వంగి ఉంది. తలనుంచి మోకాళ్లదాకా నల్లటి ఉన్ని శాలువా. మెల్లగా ఊపుతోంది. బండి అటూ ఇటూ... అటూ ఇటూ...

పాప కదిలితే దారినపోయే తల్లులు ఓసారి ఊపి వెళ్లడం మామూలే. దానికి బయటికెళ్లి ఆరా తీస్తే బాగుంటుందా? అతను కూర్చున్నాడు. లేచాడు. కోటు అందుకున్నాడు. మళ్లీ తగిలించాడు. కూర్చున్నాడు.

"ఏం నాయనా, కుర్చీలో మేకుందా?" అంది దుకాణం నడిపే గున్‌వోర్, కప్పులు ఏరుతూ.

"బయట ఒకావిడ... మా పాపని ఊపుతోంది. మీకు తెలిసినావిడా?"

గున్‌వోర్ కప్పులు ఒకదాంట్లో ఒకటి పేర్చింది. తల మాత్రం ఎత్తలేదు.

"నేను ఆ కిటికీ వైపు చూసి చాన్నాళ్లయింది, నాయనా," అని గొణిగి గబగబా లోపలికి వెళ్లిపోయింది.

కూనిరాగం ఆగింది. ఎక్కడినుంచో సముద్రపు పాచి వాసన. కాఫీ వాసనని కూడా తొక్కేసి వస్తోంది.

రేడియో గుసగుసలాడింది.

"ఇది... ఎవరిదండీ?"

హాల్వార్ చుట్టూ చూశాడు. ఎవరి కబుర్లలో వాళ్లున్నారు.

"ఇది... ఎవరిదండీ?"

ఎంతో మర్యాదగా అడుగుతోంది. పలకకపోతే... ఖాళీ అనే లెక్క. ఇంతమందిలో అరవడమా? అరవకపోతే పాప...

"ఇది..."

"నాది!" కుర్చీ వెనక్కి పడిపోయింది. "అది నాది! నాదే!"

దుకాణంలో తలలన్నీ అతనివైపు తిరిగాయి. బయట ఆవిడ బండి వదిలేసింది. నిటారుగా నిలబడి, అతనివైపు తిరిగి తల వంచింది. ఏళ్ల తరబడి మోసిన బరువు దించుకున్న మనిషిలా ఉంది ఆ వంచడం. తర్వాత రేవు వైపు నడిచి వెళ్లిపోయింది.

కోటు లేకుండానే పరుగెత్తాడు. దుప్పటి చుట్టను చుట్టలాగే ఎత్తి, మొహానికి గాలి తగలకుండా కప్పి, భుజానికి హత్తుకుని లోపలికి వచ్చి పడ్డాడు. ఇంత బరువేమిటి పిల్ల! మెడ మీద ఊపిరి తగులుతోంది. చల్లగా. అయినా అతని కళ్లు చెమర్చాయి. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, వేళకి నోరు విప్పాడు. సిల్యే రాగానే చెప్పాలి.

తలుపు తెరుచుకుంది. సిల్యే. ముక్కు ఎర్రబడింది. చేతిలో తాళం. కోటు గుండీల మధ్యనుంచి తూవా తొంగిచూస్తోంది, బోసినోటితో నవ్వుతూ.

"లేచింది, నాతో తీసుకెళ్తున్నానని అద్దం కొట్టి మరీ చెప్పానుగా," అంది సిల్యే. తర్వాత ఆగింది. గొంతు తగ్గింది. "హాల్వార్... నీ భుజం మీద అదేమిటి?"

దుప్పటిలోంచి చిన్న పిడికిలి ఒకటి బయటికొచ్చి అతని చొక్కా కాలరు పట్టుకుంది. గట్టిగా.

గున్‌వోర్ వచ్చింది. ఎవరివైపూ చూడకుండా, వాళ్ల బల్ల దగ్గర పసిపిల్లల కుర్చీలు రెండు వేసింది.

"నాదన్నావు కదా, నాయనా," అంది మెల్లగా. "అందరం విన్నాం."

సెలవులు అయి ఇంటికి చేరాక వాళ్లు ఇద్దరు పిల్లలు పట్టే బండి కొన్నారు. ఎందుకని ఇరుగుపొరుగు ఎవరూ అడగలేదు. అక్కడ అడగరు. ఇప్పుడు మధ్యాహ్నాలు రెండు రేడియోలు బల్ల మీద ఉంటాయి. ఒకదాంట్లో తూవా ఊపిరి. రెండోది అప్పుడప్పుడూ కూనిరాగం తీస్తుంది.

ఎప్పుడు నోరు విప్పాలో, ఎప్పుడు మూసుకోవాలో, హాల్వార్ ఇంకా నేర్చుకోలేదు.